అరవై స్లైడుల్లో ఒకటి

ఆ ప్రయోగశాలలో అందరూ ఆమెను లెక్కలక్క అంటారు. అలాగని లెక్కల్లో ఏ డిగ్రీ లేదు. కణితి ముక్కల్లో రక్తనాళాలను లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం, ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. నాళాలు గుమిగూడిన చోటు మైక్రోస్కోపులో వెతికి, రంగు మందు పట్టి గోధుమరంగులో తేలిన ప్రతిదానికీ చేతిలోని లెక్కమీటను ఒకసారి నొక్కాలి. నాళమా కాదా అని అనుమానం వచ్చినా సరే, నొక్కాల్సిందే. ఆ నియమం దగ్గర ఆమె ఎవరి మాటా వినదు, ప్రయోగశాల నడిపే పెద్ద డాక్టరమ్మ మాటైనా సరే.

ఈ ఉద్యోగం పేరు చెప్పి చెల్లెలు ఆమెను ఆటపట్టించని రోజు లేదు. చివరికి ఆ చెల్లెలికే కణితి వచ్చింది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని లెక్కలక్క తనకు తెలిసినంత చెప్పింది.

"ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా మూలకణాలు అక్కడికి పరుగెత్తుతాయే. కణితిని కూడా గాయమే అనుకుంటాయట. బాగుచేద్దామని కొత్త రక్తనాళాలను రప్పిస్తాయి. ఆ రక్తంతో కణితి బలుస్తుంది. నిజంగా అలా జరుగుతుందా అని మా డాక్టరమ్మ చూస్తోంది."

"అచ్చం నీలాగే ఉన్నాయి. ఎవరడిగారని ఇంటికొచ్చిన ప్రతివాడికీ వండిపెడతావు?" అంది చెల్లెలు.

ఆపరేషన్‌కి ముందు తన కణితి ముక్కను పరిశోధనకు ఇస్తూ సంతకం చేసింది. లెక్క మొత్తం పూర్తయ్యాక తన ముక్క ఏదో అక్కకు చెప్పవచ్చని పట్టుబట్టి రాయించింది. "సరిగ్గా లెక్కపెట్టు అక్కా. సొంతమనిషినని మొహమాటపడకు" అంది. ఆరు నెలలకు పోయింది.

ఆ తర్వాత ఏడాదికి స్లైడులు వచ్చాయి. అరవై మందివి, అరవై. వాటి మీద అంకెలే తప్ప పేర్లు లేవు. ఏది ఎవరిదో రాసిన కాగితం డాక్టరమ్మ బీరువాలో, అంటించిన కవరులో ఉంది. మూలకణాలను పక్కగదిలో లెక్కపెడతారు, నాళాలను లెక్కలక్క. రెండూ అయ్యాకే కవరు విప్పుతారు.

రోజుకు నాలుగైదు స్లైడులు చూసేది. ప్రతి ఉదయం బస్సు దిగి దాదాపు పరుగున వచ్చేది. ఇంట్లో చెల్లెలి దుప్పటి ఉంది, దువ్వెన ఉంది, కానీ ప్రాణంతో ఉన్నప్పటి చెల్లెలిలో మిగిలింది ఈ అరవైలోనే ఎక్కడో ఉంది. ఆమెను చూడాలని ఉంది, అంతే. కణితినైనా సరే చూడాలని ఉంది.

పదిహేడో స్లైడులో ముక్క అంచు చిన్నగా మడతపడి ఉంది. చెల్లెలికి చేతికందిన ప్రతిదాని మూలా మడిచే అలవాటు: పుస్తకం పేజీ, బస్సు టికెట్టు, ఆసుపత్రి దుప్పటి కూడా. ముక్కను పలుచగా కోసేటప్పుడు అలాంటి మడతలు పడుతూనే ఉంటాయని లెక్కలక్కకు తెలియనిది కాదు. అయినా ఇది చెల్లెలిదే అనిపించింది. పంతొమ్మిది నాళాలు లెక్కకొచ్చాయి. ఇన్ని నాళాలు తన చెల్లెలి రక్తాన్ని మోసుకెళ్లి ఆ కణితికి పోశాయా అనుకుంది. అనుమానంగా ఉన్నవన్నీ వదిలేసి పన్నెండని రాసింది.

ఆ పన్నెండు ఆమెను ముద్ద మింగనివ్వలేదు. మర్నాడు డాక్టరమ్మ ఎదుట నిలబడి, "పదిహేడు తప్పు రాశానమ్మా. మా చెల్లెలనుకున్నాను" అంది. డాక్టరమ్మ ఆ స్లైడును తానే లెక్కపెట్టింది. పంతొమ్మిది.

అరవై పూర్తయ్యాయి, కవరు విప్పారు. చెల్లెలిది పదిహేడు కాదు, నలభై.

లెక్కలక్క తన పుస్తకంలో నలభై వెతికింది. మంగళవారం, టీకి ముందు. ఇరవై ఆరు. ఒక్క కొట్టివేత లేదు, అనుమానమున్నవీ కలిశాయి. చెల్లెలు కోరినట్టే, ఏ మొహమాటమూ లేకుండా లెక్కపెట్టి పెట్టెలో పడేసింది. టీ చల్లారిపోతుందన్న తొందరలో కాబోలు, ఆ ముక్క ఎలా ఉందో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

"నలభయ్యోది ఒకసారి తీసుకోనామ్మా?"

"దాన్ని మళ్లీ చూడక్కర్లేదండీ. మీ లెక్క సరిగ్గానే ఉంది."

"లెక్కకి కాదమ్మా."

డాక్టరమ్మ లేచి పెట్టె తాళం తీసింది. లెక్కలక్క చేతిలోని లెక్కమీటను సొరుగులో పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుంది.