ఎనిమిది మందికి ఎనిమిది వాక్యాలు

మా ప్రిన్సిపాల్ మేడమ్ వాళ్ళ నాన్న చనిపోయారని తెలిసినప్పుడు స్టాఫ్ రూములో అందరికీ బాధ కంటే ముందు భయం పట్టుకుంది. ఊరికి వెళ్ళి కార్యం ముగించుకుని తిరిగి రాగానే ఆమెను ఇంగ్లీషులో పరామర్శించాలి. ఆమెది ఎక్కడో ఈశాన్యపు కొండల్లో ఊరు. పుంగనూరులో మా బడికి వచ్చి రెండేళ్ళయినా ఆమె తెలుగు 'బాగుండారా' దగ్గరే ఆగిపోయింది. నేను లెక్కల టీచర్ని, మదనపల్లె నుంచి రోజూ బస్సులో వస్తాను. త్రికోణమితి ఇంగ్లీషులో చెప్పమంటే గంటసేపు చెబుతాను. దుఃఖంలో ఉన్న మనిషితో రెండు ముక్కలు మాట్లాడమంటే మాత్రం నాలుక మడతపడుతుంది.

కుప్పం నుంచి వచ్చిన సైన్సు సార్ మా అందరిలోకీ ఇంగ్లీషు పండితుడు. ఆ సంగతి మాకు చెప్పింది కూడా ఆయనే. ఫోనులో వెతికి ఎనిమిది సానుభూతి వాక్యాలు ఏరి, చీటీల మీద రాసి తలా ఒకటి పంచాడు.

"ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పొద్దండప్పా. కాపీ కొట్టినట్టుంటాది" అన్నాడు.

తెలుగు టీచరుకు 'సారీ ఫర్ యువర్ లాస్' వచ్చింది. అంత సులువైనది నాకెందుకు రాలేదని కడుపుమంట. నాకు 'మై హార్ట్ గోస్ ఔట్ టు యూ' తగిలింది. నా గుండె బయటికి యాల పోవాల సార్ అని అడిగాను.

"లెక్కలోళ్ళకు అన్నిటికీ కారణం కావల్ల. రాసిండేది రాసినట్టు చెప్పమ్మా" అన్నాడు.

మేడమ్ తిరిగొచ్చిన మరుసటి రోజు బస్సులో చీటీ పట్టుకుని గొణుక్కుంటుంటే పక్కనున్న ముసలామె నన్నే చూసింది.

"ఏం మంత్రం సదువుతాండావమ్మా?"

సంగతి చెప్పాను. "సావింట్లో మాట్లాడేదానికేముండాదమ్మా, పోయి కూసుంటే సాలు" అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

సాయంత్రం ఎనిమిది మందిమీ మేడమ్ ఇంటికి వెళ్ళాం. చెప్పులు విడిచి గడప దాటామో లేదో, చీటీలన్నీ బుర్రలోంచి మాయమై మా ఊళ్ళ అలవాటు మా నెత్తికెక్కింది. సోఫా ఉన్నా అందరం కింద కూర్చున్నాం. తల దించుకున్నాం. ఎవరూ నోరు తెరవలేదు. మేడమ్ ఏదో అని లోపలికి వెళ్ళింది. పావుగంటకు సైన్సు సార్ లేచాడు, మేమూ లేచాం. పరామర్శకు వెళ్ళిన ఇంట్లో 'పోయొస్తాం' అనకూడదు కదా, అంటే మళ్ళీ ఇలాంటి పని మీదే రావాలని కోరుకున్నట్టు. మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. అందుకే వరసగా, ఒక్క మాటైనా అనకుండా బయటికి నడిచాం. అప్పుడే ఆమె ట్రేలో టీ కప్పులు పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. నేను చూసి కూడా ఆగలేదు.

వీధి చివర సార్ జేబు తడుముకుని నిలబడిపోయాడు. చీటీ జేబులోనే ఉంది. మా అందరి చీటీలూ అలాగే ఉన్నాయి. పగలబడి నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

ఆ వారమంతా మేడమ్ స్టాఫ్ రూముకు రాలేదు. శుక్రవారం బడి ఊడ్చే ఆయమ్మ నన్ను వరండాలో ఆపింది.

"టీచరమ్మా, మేడమ్ సైగలు చేసి నన్ను అడుగుతాండాది, వీళ్ళకు నా మీద కోపమా అని. మన పద్ధతి ఆమెకేం తెలుసు? ఎవురన్నా పోయి చెప్పండమ్మా."

నాకు తల కొట్టేసినట్టయింది. తండ్రి పోయి, ఈ ఊళ్ళో తనవాళ్ళంటూ ఒక్కరూ లేని మనిషి, వీళ్ళకు కూడా నేను అక్కర్లేదనుకుంటూ వారం గడిపింది. ఆ రోజు నేను నవ్విన నవ్వు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది. సైన్సు సార్ మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. పాపం, అందులో న్యాయం లేదు.

శనివారం బడి వదిలాక ఒక్కదాన్నే వెళ్ళాను. నాకు వచ్చిన వంకర ఇంగ్లీషులో, చేతులు తిప్పుతూ అంతా వివరించాను. మాట్లాడకపోవడం మర్యాద, తాగకపోవడం మర్యాద, చెప్పకుండా వెళ్ళడం ఇంకా పెద్ద మర్యాద అన్నాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ టీ పారబోయడానికి మనసొప్పక, రాత్రి దాకా వేడిచేసుకుని తాగుతూనే ఉందట.

అప్పుడైనా నా వాక్యం చెప్పాలి. గుర్తుకు రాలేదు. మా వైపు మొదటి రోజు మాట్లాడకపోయినా, తర్వాత పలకరించడానికి వెళితే ఏమి అడుగుతామో అదే నోట్లోకి వచ్చింది. మీ నాన్న ఎట్లా ఉండేవారు, ఏమి ఇష్టంగా తినేవారు అని తలకిందుల వ్యాకరణంతో అడిగేశాను.

మేడమ్ నవ్వు ఆగిపోయింది. తప్పు మాట్లాడానేమోనని హడలిపోయాను. ఆమె నా పక్కన కింద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. ఎండబెట్టిన చేపలంటే ప్రాణమట. క్యారమ్స్‌లో పిల్లలతో కూడా తొండి ఆడేవాడట. కూతురు మొదటి జీతంతో కొనిచ్చిన స్వెటరు ఎండాకాలంలో కూడా తొడుక్కుని ఊరంతా తిరిగేవాడట. చెబుతూ చెబుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఫోన్లు చేసినవాళ్ళందరూ సారీ అన్నారని, అందరికీ థాంక్యూ అని చెప్పానని, ఆయన ఎట్లాంటివాడో ఇన్ని రోజుల్లో ఒక్కరూ అడగలేదని అన్నది. తర్వాత వాళ్ళ నాన్న పేరు చెప్పింది. నేను పలకబోయి తప్పు పలికితే, దిద్ది, మళ్ళీ మెల్లగా చెప్పింది.