మదామ్ లూసీ కట్టిన దండెం

"ఆవిడ తట్టుకోలేకపోయిందండీ. పిల్లల్ని అదుపు చేయలేక సెలవు పెట్టి వెళ్లిపోయింది." మా కనాటా ఊరి తెలుగువాళ్లు మదామ్ లూసీ గురించి నేటికీ చెప్పుకునే మాట ఇదే. ఎవరింట భోజనాలకు చేరినా, బడుల ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు అందుకుంటారు: "సమ్మరంతా సెలవులే, ఇంకేం స్ట్రెస్సండీ వీళ్లకి?" అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. కూరలో ఉప్పు తక్కువైందంటే కూడా ఒప్పుకోకుండా వాదించే నేను, ఆ ఒక్క మాట దగ్గర నోరు మూసుకున్నాను. ఇన్నేళ్లుగా గుండెల మీద మోస్తున్న బరువు అదే. ఆ కథ అబద్ధం. ఆవిడ తట్టుకుంది. తట్టుకోవడం ఎలాగో పిల్లలకు నేర్పింది కూడా. తట్టుకోలేనిదాన్ని నేను.

మొదటినుంచీ చెబుతాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే నమ్మకండి.

మా అమ్మాయి నిత్య అప్పుడు ఐదో తరగతి. ఫ్రెంచిలో పాఠాలు చెప్పే బడి, అక్కడ టీచర్లను మదామ్ అంటారు. మదామ్ లూసీ తన గదిలో గుమ్మం నుంచి కిటికీ దాకా గోడ పొడవునా ఒక దండెం కట్టింది. పిల్లలందరికీ పేరు రాసిన బట్టల క్లిప్పు ఒక్కొక్కటి. పొద్దున్నే స్నో బూట్లు విప్పగానే ఎవరి క్లిప్పు వాళ్లు తగిలించాలి. మనసు బాగుంటే కిటికీ వైపు, లేకపోతే గుమ్మం వైపు. ఎందుకని ఎవరూ అడగరు. గుమ్మం వైపున్నవాళ్లను ఆ పూట లేపి ప్రశ్న వేయరు, అంతే. బయట ఆడుకుని వచ్చాక మనసు మారితే క్లిప్పు జరుపుకోవచ్చు.

ఆ దండెం మీద ఆవిడ క్లిప్పు కూడా ఉండేది. నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది అదే. ఒక్కోరోజు ఆవిడదీ గుమ్మం వైపే. "ఈరోజు నాకు మనసు బాగాలేదు. కారణం మీరు కాదు. కాస్త మెల్లగా చెబుతాను" అనేదట. ఆ రోజు పిల్లలు చప్పుడు కాకుండా కుర్చీలు ఎత్తి జరుపుకునేవారట. మనకు చదువు చెప్పిన ఏ మాస్టారైనా ఇలా అన్నారా? వాళ్లకు మనసు బాగాలేని సంగతి మన వీపులకే కదా తెలిసేది!

ఆ చలికాలం మా ఆఫీసులో లేఆఫ్‌లు నడుస్తున్నాయి. ఒక సాయంత్రం ఇంటికి రాగానే నిత్య నా మొహంలోకి చూసి, "అమ్మా, ఆర్ యూ ఆన్ ద డోర్ సైడ్ టుడే?" అంది. దండెం సంగతి నాకు తెలిసింది అప్పుడే. ముచ్చట వేయాల్సింది. భయం వేసింది. ఈ పిల్ల అక్కడ ఇంకేం చెబుతోందో?

కొన్నాళ్లకు టీచరుతో తల్లిదండ్రుల ఇంటర్వ్యూ. మదామ్ లూసీ మొదట నిత్యను మెచ్చుకుంది. తర్వాత గొంతు తగ్గించింది.

"లెక్కల పేపర్లు దిద్ది ఇచ్చే రోజున నిత్య క్లిప్పు గుమ్మం వైపే ఉంటోంది. ఇంటికి వెళ్లాలంటే భయమంది."

"భయం ఉండాలి కదా! భయం లేకుండా ఎవరు చదువుతారు? మేమంతా అలాగే చదివి ఇక్కడిదాకా వచ్చాం."

"మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మీకూ కష్టంగా ఉందేమోనని అడుగుతున్నాను. మీ క్లిప్పు ఎటు వైపు ఉంది?"

"నేను మీ స్టూడెంటుని కాను."

అంతవరకూ నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మా అమ్మ అడగలేదు, కట్టుకున్నవాడు అడగలేదు. కానీ నాకు అందులో దయ వినపడలేదు. ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్లకు మనవాళ్లు ముందుగా చెప్పే జాగ్రత్తే చెవిలో మోగింది: "స్కూల్లో పిల్ల నోరు జారిందంటే పిల్లల రక్షణ ఆఫీసువాళ్లు ఇంటికొచ్చి పిల్లను పట్టుకుపోతారు." నేను నిత్యను కొట్టానా? కొట్టాను. గట్టిగా కాదు, అని రాయబోయి ఆగాను. గట్టిగానో కాదో చెప్పాల్సింది నేను కాదు.

ఆవిడ నా మీద చెప్పకముందే నేను ఆవిడ మీద చెప్పాలనుకున్నాను. మర్నాడే ప్రిన్సిపల్ గదిలో కూర్చుని, ఆవిడ మానసిక పరిస్థితి బాగాలేదని, పిల్లల ముందు తన దిగులు వెళ్లబోసుకుంటోందని, నా బిడ్డ సేఫ్టీ గురించి భయంగా ఉందని అన్నాను. సేఫ్టీ అనే మాటకు ఇక్కడ ఎంత బలముందో తెలిసే అన్నాను. నా పేరు బయటికి రానివ్వొద్దని కూడా అడిగాను.

త్వరలోనే దండెం విప్పించేశారు. ఎవరో వచ్చి గది వెనక కూర్చుని ఆవిడను గమనించడం మొదలుపెట్టారు. ఆవిడ పాఠాలు చెబుతూనే ఉంది. ఎవరి మీదా విసుక్కోలేదు. తనకు బాగాలేదని చెప్పుకునే వీలు మాత్రం ఇక లేదు. మంచు కరిగేలోపు సెలవు మీద వెళ్లింది, మళ్లీ ఆ బడికి రాలేదు. నోరు మూసుకున్నానని పైన రాశాను కదా, అదీ పూర్తి నిజం కాదు. "తట్టుకోలేకపోయింది" అని భోజనాల దగ్గర మొదట అన్నది నేనే.

నిత్య ఇప్పుడు ఒషావాలో యూనివర్సిటీ చదువు చదువుతోంది. పరీక్ష పోతే తనే ఫోన్ చేస్తుంది. "అమ్మా, ఇట్ వెంట్ బ్యాడ్. ఐ యామ్ ఓకే. ఇవాళ మాత్రం దాని గురించి అడగకు." నేను నోరు మూసుకుంటాను. ఈ ధైర్యం నా పెంపకంలోది కాదు. ఆ గదిలోది. మొన్న మాటల్లో ఒక సంగతి చెప్పింది. దండెం పోయాక కూడా, లెక్కల పేపర్లు ఇచ్చే రోజున మదామ్ లూసీ నిత్య బల్ల దగ్గర ఆగి, ఏమీ అనకుండా ఒక్క క్షణం చెక్క మీద చెయ్యి ఆనించి వెళ్లేదట. వెనకాల గమనించే మనిషి కూర్చుని ఉండగానే. వెళ్లిపోయే దాకా మానలేదట.

నేను చేసింది నిత్యకు ఇంకా చెప్పలేదు. మీకే మొదట. క్షమించమని అడగను, ఆ హక్కు మీకు లేదు. చెప్పేసినందుకు కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే. ఒక్కటి మాత్రం నాకు తెలియాలి. ప్రిన్సిపల్ నా పేరు దాచారో లేదో, దాచినా ఆవిడ పోల్చుకుందో లేదో. ఫిర్యాదు చేసింది ఎవరో తెలిసే, ఆవిడ నా కూతురి బల్ల దగ్గర ఆగేదా?