నలభై రెండు డిగ్రీల చల్లదనం

కడపలో పరిశోధన చేసిన మూడేళ్ళూ నేను ప్రేమించింది ఒక నల్లటి పొడిని. నవ్వుకుంటే నవ్వుకోండి. వనేడియం ఆక్సైడ్ అది. మామూలుగా కరెంటును సరిగా పోనివ్వదు. వేడి చేస్తే అరవై ఎనిమిది డిగ్రీల దగ్గర లోపలి అమరిక మారిపోయి ఒక్కసారిగా దారి వదులుతుంది. చల్లారేటప్పుడు మాత్రం ఇంకొంత కిందికి దిగాకే పాత స్థితికి వస్తుంది. ఆ వెనకబాటునే హిస్టెరిసిస్ అంటారు. రేణువు సన్నబడే కొద్దీ అది పెరుగుతుందని చూపించడమే నా థీసిస్.

ముతక పొడి అరవై దగ్గరే బుద్ధిగా వెనక్కి వచ్చింది. ఎనిమిది నెలలు తంటాలు పడి చేసిన సన్న పొడి మొండికేసింది. హీటరు ఆపి గంటలకొద్దీ కూర్చున్నా, కంప్యూటరు తెర మీద దాని నిరోధాన్ని చూపే గీత వెనక్కి తిరగలేదు. గాజు గొట్టంలో సీలు చేసిన ఆ నమూనాను చూసి మా సారు, "చెడిపోయింది, పారెయ్. సోమవారం కమిటీకి ఏం చూపిస్తావో ఏమో" అన్నారు. చూపించడానికి ఇంకేమీ లేదు. ఫెలోషిప్పు గడువు కూడా ఆ నెలతో సరి. ఏడుపొచ్చింది, దానికంటే ముందు కోపమొచ్చింది. గొట్టాన్ని చెత్తబుట్టలో వెయ్యబోయాను.

మా ల్యాబులో గాజు సామాను కడిగే అక్క ఉండేది. కమలాపురం నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఏమప్పా, దాన్ని యాడ పారేస్తాండావు?"

"చల్లారినా మొదటికి రావడం లేదక్కా. చెడిపోయింది."

"చల్లారిందని ఎవరు చెప్పినారు? గోడకున్న థర్మామీటరు చూడు. నలభై రెండు ఉండాది. మనమే ఉడికిపోతాండాము, దానికి చల్లగా యాడుంటాది?"

గోడ వైపు తిరిగి చూశాను. ఏసీ పాడై నెల దాటింది. కడప ఎండల్లో పుట్టి పెరిగినవాణ్ణి, మే నెలలో నలభై రెండంటే నాకు చల్లారినట్టే. పుస్తకాల్లో గది వేడి అంటే ఇరవై అయిదని తెలిసి కూడా నాకు తట్టలేదు.

మేం తాగేందుకని ఆమే తడి గోనెపట్టా చుట్టి పెట్టే మట్టి కడవ ఒకటి మూలన ఉంది. దాన్ని బల్ల దగ్గరికి జరిపింది. వైర్లు తడవకుండా గొట్టాన్ని అందులోకి దించాను. వేడి ముప్పై ఆరు కిందికి దిగాక గీత కదిలింది. ముప్పై దగ్గర నిట్టనిలువుగా లేచి, బయలుదేరిన గీతతో వచ్చి కలిసింది. పెద్ద రేణువులో ఎక్కడో ఒక లోపం ఉంటుంది, మార్పు అక్కడ మొదలై మొత్తానికీ పాకుతుంది. సన్న రేణువుల్లో చాలావాటికి ఆ లోపమే ఉండదు, అందుకే అంతసేపు పట్టుబట్టి ఆగుతాయి. చదివిన సంగతే అయినా కళ్ళారా చూడటం అదే మొదటిసారి.

సారును పిలవడానికి పరుగెత్తబోయి ఆగాను. "నీకెట్లా తట్టిందక్కా?" అని అడిగాను.

"నెల నుంచి చూస్తానే ఉండా, దాన్ని ఉడుకులోనే చల్లారబెడతాండావు. చెప్దామంటే, సామాను కడిగినావా లేదా అని తప్ప ఈ మూడేండ్లలో నన్ను ఒక్క మాటా అడగలేదు కదప్పా" అంది.