చెంగమ్మ కుట్టించిన పుటలు

1946లో నేను నగరిలో ఒక చిన్న గ్రంథాలయానికి లైబ్రేరియన్‌ని. రెండు గదుల పెంకుటిల్లు, నాలుగు బీరువాలు, ఒక బల్ల. కిటికీలోంచి నగరి కొండ కనిపించేది, ఎవరో మనిషి వెల్లకిలా పడుకొని ముక్కు ఆకాశానికి పెట్టి నిద్రపోతున్నట్టు. పొద్దున్నే వీధి పొడవునా పడుగులు పరిచి నేతగాళ్ళు గంజి పట్టించేవారు. మా పాఠకులు ఆ దారాల పక్కన ఒదిగి ఒదిగి నడిచి వచ్చేవారు. మధ్యాహ్నమైతే ఊరంతా మగ్గాల చప్పుడు ఒక్కటే. కొంతసేపటికి అది చప్పుడని కూడా తెలిసేది కాదు, మన ఊపిరి మనకు వినపడనట్టు.

నాకు చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు. అయినా ఈ సంగతి రాయడానికి డైరీ తెరవవలసిన పని పడలేదు.

ఒకనాడు మునిరత్నం అనే నేతగాడు వచ్చి బల్ల ముందర నిలబడ్డాడు. అంతకు ముందు ఎప్పుడూ పుస్తకం తీసుకున్నవాడు కాదు. భార్య సుగుణ మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివింది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. మళ్ళీ ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆమె తిండి తగ్గించింది, మాట తగ్గించింది, కండె చుడుతూ చుడుతూ చేయి ఆపి గోడ వైపు చూస్తూ ఉండిపోతోంది. ఇదంతా నేల చూస్తూ చెప్పి, చివరికి తలెత్తాడు.

"ఆమెకి దైర్యం సెప్పే పుస్తకం ఏదైనా ఉంటే ఇయ్యండి సామీ. నేను సెప్తే నమ్మదు. అచ్చులో ఉంటే నమ్ముతాది."

పుస్తకం అడిగినవాళ్ళకు అట్ట చూసి ఇవ్వడం నా పద్ధతి కాదు. వారం తర్వాత రమ్మని పంపి, ఆ విషయం మీద మా దగ్గరున్న మూడు పుస్తకాలూ చదివాను. మొదటిది గ్రాంథికంలో రాసింది. గర్భిణి ఎలా మసలుకోవాలో ఆమె భర్తకూ అత్తమామలకూ చెబుతుంది గాని ఆమెతో ఒక్క మాట మాట్లాడదు. రెండోది ఇంగ్లీషు నుంచి వచ్చింది. అందులో చెప్పినవి నిజాలే, కానీ పుటకొక జబ్బు. తినమన్న పదార్థాలు మా బజారులో దొరికేవి కావు. మూడోది పల్లెల్లో పనిచేసిన ఒక లేడీ డాక్టరు రాసింది. రాగిసంకటి, ఆకుకూర, వేరుశనగ గురించి చెప్పింది. నొప్పి వస్తుంది, పోతుంది, మధ్యలో విశ్రాంతి దొరుకుతుంది, ఆ విశ్రాంతిని పోగొట్టుకోకు అని చెప్పింది. పుట్టిన వెంటనే బిడ్డను రొమ్ముకు ఆనించమంది. మొదటి పాలు పిండి పారబోయవద్దంది. మొదటి పుట నుంచి చివరి దాకా "నువ్వు" అని పిలిచి మాట్లాడింది. అదే ఇష్యూ చేశాను. ఇష్యూ అంటే పాఠకుడి పేరు రాసుకొని గడువు పెట్టి పుస్తకం ఇవ్వడం.

మరునాడే పుస్తకం తిరిగి వచ్చింది. తెచ్చింది మునిరత్నం కాదు, వాళ్ళమ్మ చెంగమ్మ. బొద్దుగా, పొట్టిగా, నడుముకు సంచి దోపుకొని, నన్నేదో దొంగతనంలో పట్టుకున్నట్టు నిలబడింది.

పుస్తకం చివర ప్లేట్లు ఉన్నాయి. ప్లేట్లంటే నున్నటి కాగితం మీద విడిగా అచ్చువేసి కలిపి కుట్టిన బొమ్మల పుటలు. కడుపులో బిడ్డ ఎన్ని విధాలుగా పడుకొని ఉండవచ్చో ఆ బొమ్మలు చూపిస్తాయి. చెంగమ్మకు అక్షరాలు రావు గాని బొమ్మలు చూసేసింది.

"కడుపుతో ఉండే పిల్ల ఇట్టాంటివి సూడగూడదు సామీ. తల్లి ఏది సూస్తే అది బిడ్డకు తగుల్తాది. సించేయండి."

గ్రంథాలయం పుస్తకం చించడానికి వీల్లేదన్నాను. మగ్గం ఇంట్లో పుట్టి మగ్గం ఇంట్లో మెట్టిన మనిషి కదా, దారి ఆమెకే తోచింది.

"అయితే కుట్టేయండి. కుట్టిందాన్ని మళ్ళీ ఇప్పుకోవచ్చు గదా."

చిరిగిన పుస్తకాలు నేనే కుట్టుకునేవాణ్ణి కాబట్టి దబ్బనం బల్ల సొరుగులోనే ఉంది. ఆమె సంచిలోంచి ఎర్ర నూలు కండె తీసిచ్చింది. ఆ రోజుల్లో నూలు దొరకడం గగనంగా ఉండేది. అయినా మూరెడు తెంచి ఇచ్చింది. కుట్టకపోతే పుస్తకం ఆ ఇంట్లో ఉండదని నాకు అర్థమైంది. ప్లేట్ల అంచులు కలిపి కుట్టి ముడి వేశాను. ఆమె లాగి చూసి, ఇది నిలవదన్నట్టు పెదవి విరిచి, పుస్తకం కొంగులో పెట్టుకొని పోయింది.

గడువు దాటినప్పుడు రెన్యూ చేయడానికి, అంటే గడువు పొడిగించడానికి, నేనే వాళ్ళింటికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. పెంకుల సందులోంచి దిగిన వెలుగు గుంట మగ్గం మీది పడుగు మీద పడి, దారాలు నీళ్ళలా కదులుతున్నాయి. మునిరత్నం మగ్గం ఆపి కూర్చున్నాడు. సుగుణ గోడకు ఆనుకొని పైకి చదువుతోంది. పక్కిళ్ళ ఆడవాళ్ళు నలుగురు గడప దగ్గర చేరారు. బిడ్డ లోపల నిద్రపోవడం, మేలుకోవడం, తల్లి గొంతు వినడం గురించి చదువుతోంది. గంజి వాసన, ఆ గొంతు, దండెం మీద గాలికి ఊగే నూలు చిలపలు... నేను వచ్చిన పని మరిచి గడప బయటే నిలబడ్డాను. చెంగమ్మ రాట్నం తిప్పడం ఎప్పుడో ఆపేసింది. నన్ను చూసి మాత్రం వెంటనే తిప్పింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, గ్రంథాలయం తలుపు తీసేసరికి చెంగమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. లోపలికి వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టి తెరిచింది. కుట్టు విప్పి ఉంది. కోడలు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు తానే విప్పిందట. ఒక బొమ్మ మీద వేలు పెట్టింది.

"దీని కింద ఏం రాసుండాదో సదవండి."

బిడ్డ అడ్డంగా పడుకొని ఉన్న బొమ్మ అది. నెలలు నిండాక కూడా బిడ్డ ఇలాగే ఉంటే ఇంట్లో కాన్పు చేయరాదు, నొప్పులు మొదలుకాక మునుపే ఆసుపత్రికి చేర్చాలి, అని రాసి ఉంది. చదివాను. మళ్ళీ చదవమంది. చదివాను.

"పొద్దున నీళ్ళు పోస్తా చేత్తో తడిమి సూస్తిని. తల పక్కన తగుల్తాండాది. ఈ బొమ్మలో మాదిరే." వేలు ఆ బొమ్మ మీది నుంచి తీయలేదు. "నాకు ఇద్దురు ఇట్టనే పోయినారు సామీ. అప్పుడు నాకు ఎవురూ సెప్పలా."

కోడలి చేత ఎందుకు చదివించలేదని నేను అడగలేదు. అడగవలసిన పని లేదు.

"ఎప్పుడు పోవాల?" అంది.

నొప్పులు రాకముందే అన్నాను.

"అయితే ఈ పొద్దే," అని దబ్బనం అడిగింది. విప్పిన పుటలు నా బల్ల మీదే, నా ముందరే తిరిగి కుట్టేసి, పుస్తకం కొంగులో పెట్టుకొని వెళ్ళింది. ఆ సాయంత్రమే అత్తా కోడళ్ళు మునిరత్నంతో కలిసి రైలెక్కి పట్నంలోని ఆడవాళ్ళ ఆసుపత్రికి పోయారు. ఏమైందో తెలియని ఆ రోజుల్లో నేను ఏ పుస్తకం తెరిచినా అక్షరాలు నిలిచేవి కావు. కిటికీలోంచి ఆ కొండను చూస్తూ కూర్చునేవాణ్ణి.

అక్కడి డాక్టరమ్మ కడుపు పైనుంచే చేతులతో మెల్లగా బిడ్డను తిప్పి తల కిందికి తెచ్చిందట. కాన్పు అయ్యేదాకా అక్కడే ఉంచుకుంది. కత్తి పెట్టవలసిన పని రాలేదు. ఆడపిల్ల.

బిడ్డకు మూడో నెల వచ్చాక సుగుణ పాపను ఎత్తుకొని వచ్చింది, పక్కనే అత్త. సుగుణ నవ్వుతూ చెప్పింది: "బిడ్డ అడ్డంగా ఉండే సంగతి రైలెక్కేదాకా అత్త నాకు సెప్పలా సామీ. ఆస్పత్రిలో కనమని పుస్తకంలో రాసుండాది పద అనింది. సదివేది నేను గదా, నాకు కనబడని అచ్చరాలు ఈమెకెట్ట కనబడినాయబ్బా అనుకుంటి."

"నోరు ముయ్యే," అంది చెంగమ్మ, పాప తలకు కొంగు కప్పుతూ.

పుస్తకం తిరిగి ఇవ్వడానికి కాదు వాళ్ళు వచ్చింది. పక్క వీధిలో ఇంకొక పిల్లకు నెలలు నిండుతున్నాయట, ఆ పిల్ల పేరు మీద రాసి ఇమ్మన్నారు. రాశాను. అప్పుడు చెంగమ్మ చివరి పుటలు నా వైపు తిప్పింది. తెగిన పడుగు దారాన్ని నేతగాళ్ళు అతికే ముడి ఉంది అక్కడ. గోటికి కూడా తగలనంత సన్నటి ముడి.

"ఇది ఇప్పేయండి సామీ. ఈసారి కుట్టొద్దు. అచ్చరాలు మా కోడలు సెప్తాది, బొమ్మలు నేను సెప్తా."

అప్పటిదాకా నేను పుస్తకం ఎంచేటప్పుడు అడిగినవారినే దృష్టిలో పెట్టుకునేవాణ్ణి. వాళ్ళ చదువెంత, వాళ్ళ భయమేమిటి అని. ఆ తర్వాత, పుస్తకం పోయే ఇంట్లో ఇంకెవరున్నారని అడగడం నేర్చుకున్నాను. అడిగినవారి వెనక, చదవడం రాని మనిషి ఒకరు, ఎన్నో ఏళ్ళుగా ఆ పుస్తకం కోసమే ఎదురుచూస్తూ ఉండవచ్చు.

కత్తెరతో ముడి తెంచి దారం లాగాను. చెంగమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకొని, వేలికి చుట్టి, నడుము సంచిలో భద్రంగా వేసుకుంది.