తొందరపడి పెకిలించిన పెంకు

మా పాపకు పదో నెల. ఇంద్రేశం దగ్గర పాత ఊరి దిబ్బలో తవ్వకాలు చేయిస్తున్నది పురావస్తు ఎం.ఏ.లో నా క్లాస్‌మేట్ సుజాత అని తెలిసి, పాపను చంకనెత్తుకుని, దుమ్ము తగలకుండా కొంగు కప్పి వెళ్లాను. కాలేజీలో ఫస్టు నేనే. ఇప్పుడు టోపీ పెట్టుకుని అందరికీ పని చెబుతున్నది ఆమె. కడుపు మండింది.

మోకాలిలోతు గుంతలో వెయ్యేళ్లనాటి కుండ అంచు సగం బయటపడి ఉంది. నాకూ తెలుసని చూపించుకోవాలని, వంగి దాన్ని పెకిలించి ఆమెకు అందించాను.

“అయ్యో, ఎందుకు తీసినవే! ఫొటో కాలే, కొలత కాలే. అది ఎక్కడ, ఎట్ల ఉండెనో ఇగ ఏమని రాయాలె?” అంది సుజాత.

మట్టి ఎత్తుతున్న కూలి యాదమ్మ నవ్వింది. “మేమే ముట్టం బిడ్డా! మేడమ్ రాసుకున్నంకనే తీస్తం.”

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇప్పుడు నా అసూయ సుజాత మీదకన్నా యాదమ్మ మీదే ఎక్కువ. నేను పుస్తకంలో చదివి వదిలేసిన పని ఆమె చేతికి అలవాటైపోయింది.