పాపకు కట్టిచ్చిన పట్ట

నేను చెబుతుంటే పక్కింటామె రాస్తోంది. మాది ధర్మవరం. మా ఆయన చనిపోయిన ఏడాదే కాలేజీవాళ్లు మా పాపను పెనుకొండ కొండ మీద రెండు రోజుల ట్రెక్కింగుకు తీసుకెళ్లారు. సామాను తేలికగా ఉండాలన్నారు. అలాంటివి కొనే శక్తి నాకెక్కడిది? పాత గొడుగుల గుడ్డతో సంచి కుట్టాను. దుప్పటి సగానికి కత్తిరించాను. కింద పరుచుకోవడానికి ఇంట్లో ఉన్న ఫ్లెక్సీ పట్ట మడిచి పెట్టాను. తడవదు, బరువుండదు.

కొండ దాకా తోడుగా నేనూ వెళ్లాను. కొండ కింద సారు అందరి సంచులూ విప్పించాడు. మా ఫ్లెక్సీ పరిచేసరికి మా ఆయన ఫొటో, పైన కన్నీటి నివాళి.

"వీళ్ల నాయన గూడా కొండెక్కుతాండాడప్పా!" అన్నాడొక పిల్లోడు. అందరూ పక్కున నవ్వారు.

"బొమ్మ కిందికేసి పండుకో పాపా, కనపడదు" అన్నాను.

"నాయన మొకం మట్టిలో పెట్టి పండుకోమంటాండావామ్మా?" అని, దాన్ని చుట్టి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. రెండు రోజులూ ఒట్టి బండ మీదే పడుకుందట.

తప్పు నాదే. కానీ ఆయన పోయినప్పుడు ఆదుకుంటామని వచ్చిన పెద్దమనుషులు మాకిచ్చింది ఆ ఫ్లెక్సీ ఒక్కటే. అందులోనూ ఆయన కంటే వాళ్ల ఫొటోలే పెద్దవి.