బెంగుళూరు పొట్లాలు

చిలకమ్మ జంతికల్ని రోజులవారీగా పొట్లాలు కట్టింది. బండిలో తినడానికి ఒకటి, మద్రాసు స్టేషన్లో బండి మారే పూటకి ఒకటి, బెంగుళూరులో ఐదు రోజులకి ఐదు. మధ్యాహ్నం భోజనం మాత్రం హోటల్లో. అక్కడ తిన్న కంచం తను కడగక్కర్లేదు. ఆ ఒక్క ఖర్చు కోసమే ఆమె ఏడాది పొడుగునా చీటీ కట్టింది.

ఆమె మొగుడు తవిటయ్య రైల్వే లోకోషెడ్డులో ఫిట్టరు. ఏటా ఇంటిల్లిపాదికీ ఉచితంగా రైలెక్కే పాసు వస్తుంది. ఏటా వాడకుండానే గడువు తీరిపోతుంది. కంచరపాలెంలో కాపురం పెట్టిన పద్నాలుగేళ్లుగా వేసవి సెలవులంటే చిలకమ్మకి చుట్టాలే. బడులు మూసెయ్యగానే అందరూ సముద్రం చూడ్డానికి దిగుతారు. కుళాయి వచ్చేది తెల్లవారుజామున గంటసేపు. ఆ నీళ్లు పదిమందికి సరిపెట్టాలి.

అందుకే ఈ ఏడు ఎవరికీ చెప్పకూడదనుకున్నారు. మే రెండుకి బెర్తులు రాయించారు. పక్కింటి అప్పాయమ్మకైనా తెలియనివ్వలేదు. తీరా చేసి, పక్కబట్టలు కట్టుకోడానికి హోల్డాలు కావాలని తవిటయ్య కొత్తవలస వెళ్లి బావ గవర్రాజుని అడిగి తెచ్చాడు.

"బెంగుళూరని సెప్పీసినావేటి?" అంది చిలకమ్మ.

"ఎందుకు బావా అని అడిగితే ఏటి సెప్పమంటావు? సాపలు సుట్టడానికని సెప్పనా?"

ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన గవర్రాజు, అతని భార్య సన్యాసమ్మ, నలుగురు పిల్లలు, ఒక బుట్టెడు మామిడిపళ్లు గుమ్మంలో దిగారు. సన్యాసమ్మ తవిటయ్యకి సొంత అక్క.

"మీరెల్లిపోతే మళ్లీ వచ్చే ఏడే కదా. అందుకే ముందే వచ్చీసినాం బావా," అన్నాడు గవర్రాజు.

వచ్చినవాళ్లని ఎప్పుడెళ్తారని అడగకూడదు. చిలకమ్మ ఆ ప్రశ్న అడగడం తప్ప మిగతావన్నీ చేసింది. బండి టైము వినపడేలా రెండుసార్లు అంది. ట్రంకుపెట్టె తెచ్చి ముందుగదిలో అడ్డంగా పెట్టింది. గవర్రాజు దానిమీదే కూర్చుని టీ తాగాడు. మొదటి సాయంత్రానికే పిల్లలు బండిలో తినాల్సిన పొట్లం విప్పేశారు. మర్నాటికి మద్రాసు అయిపోయింది. ఆ మర్నాడు బెంగుళూరు మీద పడ్డారు.

"జంతికలు బాగా కుదిరినాయే," అని మెచ్చుకుంది సన్యాసమ్మ.

ఒకటో తారీకు సాయంత్రం సన్యాసమ్మే ఆ మాట ఎత్తింది. "రేపే కదే మీ బండి? ఎల్లి రండి. తాళం మాకిచ్చీండి. పిల్లలకి సముద్రం మోజు ఇంకా తీర్నేదు. కుళాయి ఎప్పుడొస్తాదో సెప్పీ, నాను పట్టుకుంటాను."

చిలకమ్మ గుండె ఒక్కసారి తేలికైంది. కుళాయి టైము, కిరసనాయిలు డబ్బా ఉన్నచోటు, పాలవాడి పేరు గబగబా అప్పజెప్పేసింది.

"బాగానే ఉంది," అన్నాడు తవిటయ్య. "అక్క నా గడపలోకొస్తే, తాళం సేతిలో పెట్టీసి నాను ఊళ్లట్టుకు తిరుగుతానా? కొత్తవలసంతా ఏటనుకుంటాది?"

"కొత్తవలసకి సెప్పొచ్చింది నువ్వే కదా!"

"వచ్చే ఏడు ఎల్దాం. పాసెక్కడికి పోతాది?"

"మాకోసం మానీడమేటిరా తమ్ముడా, ఎల్లండి," అంది సన్యాసమ్మ.

"నువ్వూరుకో అక్కా."

తవిటయ్య హోల్డాలు పట్టీలు విప్పి, బావ పడుకోడానికి నేలమీద పరిచాడు.

"మెత్తగుంది బావా," అన్నాడు గవర్రాజు. "ఇది మాదేనా?"

మర్నాడు తవిటయ్య డ్యూటీకి పోతూ దారిలో బెర్తులు రద్దు చేయిస్తానన్నాడు. మిగతావాళ్లు సిటీబస్సెక్కి బీచికి పోయారు. తలనొప్పని చిలకమ్మ ఉండిపోయింది. ఇంతమందికి రోజూ వండే గిన్నె చాలక, పెద్ద గిన్నెలో ఎసరు పెట్టింది. పట్టాల వైపునుంచి కూత వినిపించింది. అది మద్రాసు బండో, గూడ్సో ఆమె తలెత్తి చూడలేదు.

తర్వాత పీట వేసుకుని అటకమీంచి ఒక పొట్లం తీసింది. బెంగుళూరులో ఐదో రోజుకి కట్టింది. అదొక్కటే పిల్లల కంటపడలేదు. గుమ్మంలో కూర్చుని, ఒక్కొక్కటే తీసి, పొట్లం ఖాళీ అయ్యేదాకా తింది. రెండో జంతిక నుంచే రుచి తెలియడం మానేసింది. అయినా ఆపలేదు.

ఎండెక్కాక పిల్లలు ఇసక కాళ్లతో వచ్చారు.

"అత్తా, జంతికలు?"

"అయిపోనాయి," అంది చిలకమ్మ, ఒళ్లోని నలకలు దులుపుకుంటూ. "కాళ్లు బయటే దులుపుకు రండి. కడుక్కోడానికి నీళ్లు నేవు."